చప్పట్లు కొట్టే చోటు

ఆ వానాకాలమంతా మా ఇంట్లో చప్పట్లే చప్పట్లు. నాన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, టీ తాగి బీరువాకి వీపు పెట్టి నిలబడేవాడు. ఎదురుగా మంచం మీద నాయనమ్మ, అమ్మ, నేను. సీసాల ఫ్యాక్టరీలో యూనియన్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. నాన్న సెక్రటరీ పదవికి నిలబడ్డాడు. ఆయన మొదటి సభ మేమే.

"కార్మిక మిత్రులారా!" అనేవాడు గొంతు సవరించుకుని.

నాయనమ్మ చప్పట్లు మొదలుపెట్టేది.

"ఇప్పుడే కాదమ్మా. నేనింకా ఏం చెప్పలేదుగా."

"చెప్పబోతున్నావుగా నాయనా. మళ్ళీ నాకు వినబడుతుందో లేదో, ముందే కొట్టేస్తే ఓ పనైపోతుంది."

అమ్మ నవ్వు ఆపుకుంటూ తలుపు వైపు చూసేది. నాన్న మళ్ళీ మొదటికొచ్చేవాడు. ఎండలో కాదు, వానలో కాదు, మనం నిప్పులో నిలబడి పని చేసేవాళ్ళం అనేవాడు. ఆ మాటకి ఓసారి చప్పట్లు. కొలిమి పక్కన ఒక పూట నిలబడితే ఒంట్లో నీళ్ళెన్ని ఆవిరైపోతాయో చెప్పేవాడు. చివర్న కుడి చెయ్యి పైకెత్తి, "ఆ కొలిమి ఎన్నడూ ఆరదు. మనమూ ఆరం!" అనేవాడు. అక్కడ పెద్ద చప్పట్లు. చప్పట్లు పడేదాకా ఆ చెయ్యి దిగేది కాదు. ఒకసారి నేను ఏదో ఆలోచనలో పడి కొట్టడం మరిచిపోతే, పాపం, జెండా కర్రలా అలాగే ఉండిపోయాడు.

నాకు ఆ ఇల్లు కొత్త. పన్నెండో తరగతి దాకా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర ఉండి, అక్కడి బడిలోనే చదువుకున్నాను. కాలేజీ కోసం ఆ జూన్‌లోనే అమ్మానాన్నల క్వార్టర్‌కి వచ్చాను. ఒక గది, ఒక వంటిల్లు, వెనక పంపు. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు కాబట్టి చూస్తూ కూర్చునేదాన్ని. నాన్న నిలబడితే గది చిన్నదైపోయేది. ఆయన మాటలకి నా ఒళ్ళు జలదరించేది. నాకు ఇంత మాటకారి నాన్న ఉన్నాడని ఊళ్ళో ఒక్కరికీ తెలియదే అని బెంగగా కూడా ఉండేది.

"ఈసారి గెలిచినవాళ్ళే కంపెనీతో ఒప్పందం రాస్తారు," అన్నాడు నాన్న ఒకరోజు అన్నం తింటూ. "అందులో ఏ కోరిక పడితే అది దక్కుతుంది. పడనిది మళ్ళీ మూడేళ్ళ దాకా అడగడానికి కూడా ఉండదు."

"అయితే చెకింగ్ బల్ల సంగతి?" అంది అమ్మ. అదే ఫ్యాక్టరీలో సీసాలు చూసి ఏరే ఆ బల్ల దగ్గరే ఆవిడ పని.

"అది కూడా చూద్దాం," అన్నాడు నాన్న, మజ్జిగ పోసుకుంటూ.

ఆ మాట నేనూ విన్నాను. విని, గిన్నెలు తీసి లోపల పెట్టాను.

*

కాలేజీలో మొదటి ఏడాది వాళ్ళందరికీ రచన తరగతి ఉండేది. ఊళ్ళో మాకు తెలిసిన రచన వేరు. 'సొంత మాటల్లో రాయుము' అని ప్రశ్న వస్తే, గైడులో ఉన్న సొంత మాటలు కంఠతా పట్టి రాసేవాళ్ళం. ఈ మేడం మొదటిరోజే మా ప్రిన్సిపాల్ గారి స్వాగత ప్రసంగం కాగితాలు తలా ఒకటి పంచింది.

"చదివారుగా. ఇది ఏం చేస్తోంది?"

నా పక్కనమ్మాయిని క్లాసంతా రేడియో అనేవాళ్ళు. ఎవరూ ఆన్ చెయ్యకుండానే మోగుతుంది. "చాలా బాగుంది మేడం," అంది.

"బాగుందో లేదో నేనడగలేదు. ఏం చేస్తోందని అడిగాను."

"నిద్రపుచ్చుతోంది మేడం."

క్లాసు గొల్లుమంది. మేడం మాత్రం నవ్వలేదు. "సరే. ఎవరిని? నీకు ఏ వాక్యం దగ్గర నిద్రొచ్చింది? అది చూపించు. అదే వాక్యానికి ముందు వరసలో కూర్చున్న మీ అమ్మానాన్నలు ఎందుకు మేలుకున్నారో అది కూడా చెప్పు."

రేడియో మొదటిసారి మూగబోయింది. ఆ గంటలో మేమంతా కలిసి ఆ ప్రసంగాన్ని ఉల్లిపాయలా ఒలిచాం. అది మాకోసం రాసింది కాదనీ, ఫీజులు కట్టే పెద్దవాళ్ళ కోసం రాసిందనీ తేలింది. హాస్టల్ నీళ్ళ గురించి అందులో ఒక్క మాటా లేదనీ తేలింది. "ఉన్న మాటని చదవడం అందరికీ వచ్చు," అంది మేడం సుద్ద అంటిన చేతులు దులుపుకుంటూ. "ఉండాల్సింది ఏది లేదో చదవడానికే మీరిక్కడికి వచ్చింది."

ఆ టర్ముకి పెద్ద వ్యాసం అదే. మనకి బాగా తెలిసిన ప్రసంగం ఒకటి తీసుకుని దాన్ని విప్పి రాయాలి. మేడం ఇంకో మెలిక కూడా పెట్టింది. రాసింది ఎవరు ఒప్పుకోరో వాళ్ళకే ముందు చదివి వినిపించాలి. వాళ్ళేమన్నారో ఆఖరి పేరాలో రాయాలి. ఆ పేరా లేని వ్యాసం ఆవిడ తీసుకోదు.

నేను క్షణం ఆలోచించలేదు. నాన్న ప్రసంగం నాకు నోటికి వచ్చు. ఒక్క సాయంత్రంలో రాసేశాను. నిప్పు అనే మాట ఎన్నిసార్లు ఎలా వస్తుందో, చెయ్యి ఎప్పుడు లేస్తుందో, గొంతు ఎక్కడ తగ్గుతుందో అన్నీ రాశాను. 'ఈ ప్రసంగం కార్మికులందరినీ కదిలిస్తుంది' అని ముగించాను. మా నాన్నదని మాత్రం రాయలేదు, సిగ్గేసి.

ముందు చిత్తుప్రతిగా చూపిస్తే, మేడం తిరిగిచ్చిన కాగితంలో ఆఖరి వాక్యం పక్కన పెన్సిలుతో ఒకటే మాట ఉంది. 'ఎవరిని?'

"అందరినీ మేడం," అన్నాను. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

"అందరూ ఎక్కడ నిలబడతారు?"

నాకు అర్థం కాలేదు.

"సభ జరుగుతుందిగా. వెళ్ళి చూసి రా. ఈసారి మాట్లాడే మనిషిని చూడొద్దు."

*

సభ ఫ్యాక్టరీ గేటు లోపల సైకిల్ స్టాండు దగ్గర. పగటి షిఫ్టు దిగే వేళ. వాన వెలిసి నేలంతా చిత్తడిగా ఉంది. నాన్న ఒక ఖాళీ క్రేటు మీద నిలబడ్డాడు. నేను ఆయనకి వీపు తిప్పి నిలబడ్డాను. అలా నిలబడటం ఎంత కష్టమో చెప్పలేను. ఎవరో మెడ పట్టుకుని వెనక్కి తిప్పుతున్నట్టే ఉంది.

ముందంతా కొలిమి దగ్గరివాళ్ళు. ముఖాలు కందిపోయి, మెడల్లో తువ్వాళ్ళు. నాన్న నిప్పులో నిలబడ్డాం అనగానే వాళ్ళ చేతులు వాటంతటవే లేచాయి. నిజమైన చప్పట్లు. నా గుండె ఉప్పొంగింది.

వాళ్ళ వెనక, రేకుల షెడ్డు కింద, చెకింగ్ బల్ల ఆడవాళ్ళు బస్సు కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళకి కోపం లేదు. విసుగు లేదు. పక్కింటి రేడియోలో ఏదో వస్తుంటే వినే ముఖాలు. ఒకావిడ కళ్ళు మూసుకుని వేళ్ళతో రెప్పలు నొక్కుకుంటోంది. ఇంకొకావిడ గొడుగు కర్ర సరిచేసుకుంటోంది. వాళ్ళ మధ్యలో మా అమ్మ.

"ఆ కొలిమి ఎన్నడూ ఆరదు. మనమూ ఆరం!"

స్టాండు మోగిపోయింది. నా చేతులు కూడా అలవాటుకొద్దీ కలవబోయాయి. అమ్మ చేతులు మాత్రం టిఫిన్ డబ్బా మీదే ఉన్నాయి.

ఆ సాయంత్రం పంపు దగ్గర అమ్మ గిన్నెలు తోముతుంటే నేను కడుగుతున్నాను.

"నువ్వెందుకు చప్పట్లు కొట్టలేదమ్మా?"

"డబ్బా పట్టుకున్నాను కదే."

నేను ఊరుకున్నాను. నేను ఊరుకుంటే అమ్మ చెబుతుందని అప్పటికే కనిపెట్టాను.

"ఇంట్లో అయితే మీ నాన్న పెళ్ళాన్ని, కొడతాను," అంది కాసేపటికి. "అక్కడ బల్ల దగ్గర మనిషిని. ఆ మాటల్లో మా బల్ల ఎక్కడుంది, కొట్టడానికి?"

చెకింగ్ అంటే ఏమిటో అప్పుడు చెప్పింది. తెల్లటి లైటు పలక ముందు బెల్టు మీద సీసాలు వెళుతూ ఉంటాయి. పగులు, బుడగ, వంకర మూతి ఉన్నదాన్ని లాగి పక్కన పడెయ్యాలి. మునుపు కాసేపు చూశాక లేచి ప్యాకింగ్‌లో వాళ్ళతో కుర్చీ మారేవాళ్ళు. కొత్త సూపర్‌వైజరు వచ్చి, లేచి కూర్చోడంలో టైము పోతోందని ఆ మార్పిడి ఎత్తేశాడు. ఇప్పుడు షిఫ్టంతా ఒకరే చూడాలి.

"కళ్ళు మండితే పర్లేదే, నీళ్ళు కొట్టుకోవచ్చు. కానీ చూసి చూసి కన్ను ఒప్పేసుకోవడం మొదలెడుతుంది. పగులు కనబడుతుంది. కనబడినా బాగానే ఉందిలే అనిపిస్తుంది. చెయ్యి లేవదు. అలా వదిలేసినందుకే పోయిన నెల ఇద్దర్ని ఊడ్చే పనికి వేశారు. జీతం సగం." గిన్నె బోర్లించి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "తర్వాత నేనే అనుకుంటా."

రోజూ సాయంత్రం అమ్మ కళ్ళు ఎర్రగా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను. పొయ్యి సెగ అనుకున్నాను. నాన్న ప్రసంగం కూడా అలాగే రోజూ విన్నాను. ఏ చోటా నా చెయ్యి లేచి దేన్నీ పక్కకి లాగలేదు.

"నాన్నకి చెప్పొచ్చుగా."

"చెప్పానుగా. నువ్వూ విన్నావుగా. అది కూడా చూద్దాం అన్నారు."

*

వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాశాను. ఈసారి చాలా రోజులు పట్టింది. నాన్నని తిట్టలేదు. ఆ ప్రసంగం అబద్ధమనీ అనలేదు. కొలిమి దగ్గరివాళ్ళ కష్టం అందులో ఎంత నిజంగా ఉందో ముందు రాశాను. ఆ తర్వాత, దాన్ని వినేవాళ్ళు రెండు చోట్ల నిలబడతారనీ, అది ఒక చోటికే చేరుతుందనీ రాశాను. ఇంట్లో మేం ఎక్కడ చప్పట్లు కొట్టామో ప్రసంగం ఆ చోట్లే లావెక్కిందనీ, మేం కొట్టని చోట ఏముండాలో ఎవరూ అడగలేదనీ రాశాను. మా నాన్నదే అని కూడా రాశాను.

ఇక వినిపించాలి.

"మీ నాన్నకా?" అంది రేడియో, ముక్కు మీద వేలేసుకుని. "నా మాట విని మీ నాయనమ్మకి వినిపించు. ఆవిడకి వినబడదు, నీకు పేరా దొరుకుతుంది."

"ఆవిడ ఏమంటుందో నాకు ముందే తెలుసు. చప్పట్లు కొడుతుంది."

ఆదివారం పొద్దున నాన్న రాబోయే ఆఖరి సభ కోసం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాగితాలు పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డాను. కాలేజీ పని, వినాలి అన్నాను. "చదువు తల్లీ, చదువు," అన్నాడు మురిసిపోతూ. నిప్పు గురించి రాసింది చదువుతుంటే అమ్మ వైపు చూసి కనుబొమలెగరేశాడు. ఆ తర్వాత ఇస్త్రీ పెట్టె నెమ్మదించింది. ఆ తర్వాత ఆగింది. నా గొంతు నాకే వినబడనంతగా తగ్గిపోయింది కానీ ఆపలేదు.

అయిపోయింది.

"అందరూ అన్నానుగా," అన్నాడు చివరికి. "మనమంతా అన్నాను. అందులో మీ అమ్మ లేదా?"

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "నువ్వు లేవా?"

అమ్మ అటూ ఇటూ చూసి, "చొక్కా కాలుతోందండీ," అంది.

నిజంగానే కాలుతోంది. పెట్టె ఎత్తి చూస్తే భుజం దగ్గర గోధుమ రంగు మరక. నాన్న ఆ చొక్కానే తొడుక్కున్నాడు. "కూతురికి చదువు చెప్పిస్తే నాకే పరీక్ష పెట్టింది," అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"వాడికి చప్పట్లు కొట్టారా లేదా?" అంది నాయనమ్మ.

ఆ తర్వాత మా గదిలో ప్రసంగాలు ఆగిపోయాయి. నాన్న తిన్నాడు, పడుకున్నాడు, డ్యూటీకి వెళ్ళాడు. నాతో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతే. ఏదో విరగ్గొట్టినట్టు నేను కాలేజీలో కూడా అన్నం తినలేకపోయాను. ఆఖరి పేరాలో 'ఆయన, అందరూ అన్నానుగా, అన్నారు. చొక్కా తొడుక్కుని వెళ్ళిపోయారు' అని రాసి ఇచ్చాను.

మేడం అక్కడే నిలబడి చదివింది. కాగితాలు మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"ఈ పేరా ఇంకా అయిపోలేదమ్మా. గడువు నీకు లేదులే. ఆగుదాం."

*

ఆఖరి సభనాడు నేను వెళ్ళనన్నాను. అమ్మ "రా" అంది. అంతే అంది.

అదే స్టాండు, అదే క్రేటు. నాన్న భుజం మీద గోధుమ రంగు మరక. "కార్మిక మిత్రులారా," అన్నాడు. కొలిమివాళ్ళు అప్పుడే సిద్ధమైపోయారు. నిప్పులో నిలబడి అనగానే చప్పట్లు మోగాయి. నాన్న ఆ చప్పట్లు ఆగేదాకా ఆగాడు. ఆగి, ఇంకొంచెం ఆగాడు. అందరి తలల మీదుగా రేకుల షెడ్డు వైపు చూశాడు.

"అక్కా," అన్నాడు. గొడుగు పట్టుకున్న పెద్దావిడని. "బల్ల దగ్గర కుర్చీలు మారడం ఎప్పుడు ఆపేశారు?"

ఆవిడ వెనక్కి చూసుకుంది, ఇంకెవరినైనా అడుగుతున్నాడేమోనని. "నన్నా?"

"నిన్నే."

"వానలు పడకముందే ఆపేశారు తమ్ముడూ. ఏం, ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడే తెలిసింది. ఆ బల్ల దగ్గర మనిషి మా ఇంట్లోనే ఉంది. అయినా తెలియలేదు."

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత మగవాళ్ళు వెనక్కి తిరిగారు, ఎవరు నవ్వుతున్నారో చూద్దామని. ఆ షెడ్డు వైపు వాళ్ళంతా ఒకేసారి తిరగడం నేను అదే మొదటిసారి చూడటం.

"చెప్పండి," అన్నాడు నాన్న, క్రేటు దిగుతూ. "నాకు చెప్పడం రాదు దాని గురించి. మీరు చెప్పండి."

ఒకావిడ చెప్పింది. ఒకావిడ అడ్డుపడింది. ఊడ్చే పనికి వేసిన ఇద్దరిలో ఒకావిడ చీపురుతోనే వచ్చి చెప్పింది. బస్సు వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ కదల్లేదు. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. "ఉండవయ్యా, రోజూ నీకోసం మేం నిలబడట్లేదా!" అని గొడుగావిడ కేకేసింది. కొలిమి దగ్గర కుర్రాడొకడు "మరి మన బోనస్ సంగతేంటన్నా?" అని గొణిగాడు. ఆ రోజు కొలిమి ఎన్నడూ ఆరదన్న మాట రానేలేదు. చెయ్యి పైకి లేవలేదు. ప్రసంగంగా చూస్తే అదో గందరగోళం. రచన తరగతిలో రాస్తే ముగింపు లేదని మార్కులు కొట్టేస్తారు.

నాన్న ఓడిపోయాడు, కొద్దిలో.

"ఆడవాళ్ళ మాటలు పట్టుకుని మెత్తబడ్డాడని మనవాళ్ళే కొందరు ఓటు అటు గుద్దారు," అన్నాడు ఇంటికొచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. కానీ ఆ సభ అయిన మర్నాటి నుంచే అవతలి పక్షం కూడా చెకింగ్ బల్ల, చెకింగ్ బల్ల అని గొంతు చించుకోవడం మొదలెట్టింది. బల్ల ఆడవాళ్ళు ఆ మాట పట్టుకుని వదల్లేదు. అడగాల్సిన కోరికల్లో కుర్చీల మార్పిడి పడింది. దాని గురించి మేనేజరు ముందు మాట్లాడటానికి బల్ల దగ్గర నుంచి ఒకరు రావాలన్నారు. గొడుగావిడ మా అమ్మ పేరు చెప్పింది.

"నేనా!" అంది అమ్మ. ఆ పూట వంట మాడ్చేసింది.

*

వానలు తగ్గుముఖం పట్టిన ఒక సాయంత్రం, మంచం మీద నాయనమ్మ, నాన్న, నేను వరసగా కూర్చున్నాం. బీరువాకి వీపు పెట్టి అమ్మ నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక టిఫిన్ డబ్బా పట్టుకుంది.

"అయ్యా, మా బల్ల దగ్గర..." అని ఆగిపోయింది.

నాయనమ్మ చేతులు లేచాయి. నాన్న వాటిని పట్టుకుని మెల్లగా ఒళ్ళో పెట్టాడు.

"చప్పట్లొద్దు," అంది అమ్మ. "ఎక్కడ అర్థం కాలేదో అది చెప్పండి."

మళ్ళీ మొదలెట్టింది. కళ్ళ మంట చెప్పింది, లైటు చెప్పింది, కన్ను ఒప్పుకోవడం చెప్పింది. నాన్న మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని విన్నాడు.

"ఆ మేనేజరు ఎప్పుడైనా మీ కుర్చీలో కూర్చున్నాడా?" అన్నాడు.

"ఆయనెందుకు కూర్చుంటాడు?"

"మరి కన్ను ఒప్పుకుంటుందంటే ఆయనకేం తెలుస్తుంది? నాకే తెలియట్లేదు."

అమ్మ వంటింట్లోకి వెళ్ళి, పాత సీసాలున్న అరలో గలగలలాడించి, ఏరి ఒకటి తెచ్చింది. కిటికీ దగ్గరికి కుర్చీ లాగింది. బయట వెలుగు తెల్లగా ఉంది.

"ఇలా వచ్చి కూర్చోండి."

నాన్న లేచి వెళ్ళి కూర్చున్నాడు. అమ్మ సీసాని వెలుగుకి అడ్డంగా పట్టి, నెమ్మదిగా తిప్పింది. నాన్న చూశాడు.

"బాగానే ఉంది," అన్నాడు.

"మళ్ళీ చూడండి," అంది అమ్మ.

నేను బల్ల మీదున్న నా కాగితాలు తీసి, ఆఖరి పేరా కొట్టేసి, పెన్ను మూత తీసి పట్టుకున్నాను. నాయనమ్మ కూడా మెడ చాచింది. నాన్న కళ్ళు చిట్లించి, ముఖం సీసా దగ్గరికి తెచ్చి, మళ్ళీ చూశాడు.